మీ ఇంటిపేరేంటి?

మా ఆశ్రమ పాఠశాలలో చదివి వెళ్లిన పిల్లలు ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఫోన్లు చేస్తుంటారు. ఒకరు ఆసుపత్రిలో నర్సు, ఒకరు మందుల కంపెనీలో, ఇద్దరు ముగ్గురు బండి మీద సరుకులు చేరవేసే పనిలో ఉన్నారు. మొదటి నెలలో వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. "సార్, గది దొరకడం లేదు." ఎందుకు దొరకడం లేదో చెప్పరు. మేమూ వెంటనే అడగం. ఆ సంగతి మాకు తెలుసు. ఒకప్పుడు అది మా మీదుగా జరిగిందే.

మేము ముగ్గురం చర్ల వైపు గూడేల కోయ పిల్లలం. ఒకే హాస్టల్లో పెరిగాం. టీటీసీ కూడా కలిసే పూర్తి చేశాం. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఇంటి దగ్గర కూర్చుంటే అమ్మానాన్నలకు బరువు. 2001 వేసవిలో తునికాకు డబ్బులు చేతికి రాగానే భద్రాచలంలో రాత్రి బస్సు ఎక్కాం. 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. తెల్లారేసరికి ఇమ్లీబన్‌లో దిగాం. మూడు ట్రంకు పెట్టెలు, ఒక సంచిలో బియ్యం, ఎండు చేపలు, చింతపండు. మా గూడేల నుంచి చదువుకున్న ఉద్యోగం కోసం నగరానికి వెళ్లినవాళ్లలో మేమే మొదటివాళ్లం. అంతకుముందు వెళ్లినవాళ్లంతా కూలికే వెళ్లారు.

ఉప్పల్ వైపు ఒక ప్రైవేటు బడిలో ముగ్గురికీ పని దొరికింది. నెలకు 1200 రూపాయలు. మొదటి రోజు స్టాఫ్‌రూంలో పేర్లు అడిగారు. పూర్తిగా చెప్పాం. మా ఇంటిపేర్లు సున్నం, కారం, తాటి. ఒక సార్ నవ్వాడు. "ఒకరు సున్నం, ఒకరు కారం, ఒకరు తాటి. ముగ్గురూ కలిస్తే కిరాణా కొట్టు పెట్టుకోవచ్చు కదయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. మర్నాటి నుంచి రిజిస్టరులో ఇంటిపేరు రాయడం మానేశాం. ముందు ఒక్క అక్షరం, చుక్క. అంతే. ఎవరూ మమ్మల్ని అలా రాయమని చెప్పలేదు. మేమే రాసుకున్నాం.

ఇక గది. "టులెట్" బోర్డు కనిపించిన ప్రతి ఇంటికీ వెళ్లాం. బ్యాచిలర్లకు ఇవ్వమని కొందరు. టీచర్లమని చెబితే కొంచెం మెత్తబడేవారు. తర్వాత ప్రశ్న వచ్చేది. "మీ ఇంటిపేరేంటి? మీరేమోళ్లు?" కోయోళ్లం అంటే చాలామందికి అర్థం కాలేదు. ఎస్టీ అంటే అర్థమైంది. "మా పైవాటా ఎవరో అడిగి పెట్టారు బాబూ" అనేవారు. బోర్డు మాత్రం మర్నాడు కూడా అక్కడే ఉండేది. చివరికి ఒక ఇంట్లో ఆ ప్రశ్నకు అడ్డదిడ్డంగా ఏదో చెప్పి లోపలికి వెళ్లాం. ఏం చెప్పామో ఇక్కడ రాయడానికి కూడా మాకు మనసు రావడం లేదు. గది దొరికింది కానీ ఆ గదిలో మేము కోయ మాట్లాడుకోలేదు. ఓనరమ్మ కింద వంటింట్లోనే ఉండేది. మాటలు వినిపిస్తాయి. ముగ్గురు కోయవాళ్లం తలుపు వేసుకుని తెలుగులో గుసగుసలాడుకునేవాళ్లం.

బస్టాపులో మాత్రం అలవాటు ఆగేది కాదు. ఒక సాయంత్రం మాలో మేము కోయలో మాట్లాడుకుంటుంటే పక్కనే నిలబడ్డ ఒకాయన చటుక్కున తిరిగాడు. నలభై దాటిన మనిషి. చొక్కా నిండా సిమెంటు. కోయలోనే అడిగాడు, "ఏ ఊరు పిల్లలారా?" అని. సరిగ్గా అప్పుడే మా బడి సార్ ఒకాయన వచ్చి మా పక్కన నిలబడ్డాడు. మేము తెలుగులో జవాబు చెప్పాం. "మాది ఖమ్మం అండీ." ఆయన మమ్మల్ని ఒక్క క్షణం చూశాడు. "ఓహో, ఖమ్మమా" అని తెలుగులోనే అని, సంచి తీసుకుని రెండడుగులు దూరం జరిగి నిలబడ్డాడు. కోప్పడలేదు. తిడితే బాగుండేది.

ఆ రాత్రి ముగ్గురం అన్నం సరిగ్గా తినలేదు. ఇంటి ఓనరు మమ్మల్ని వద్దన్నాడని ఇన్నాళ్లూ బాధపడ్డాం. ఇప్పుడు మన మనిషిని మనమే వద్దన్నాం. ఆయన ఏ సైటులో పని చేస్తాడో వాళ్లనీ వీళ్లనీ అడిగి తెలుసుకుని ఆదివారం వెతుక్కుంటూ వెళ్లాం. సగం కట్టిన అపార్టుమెంటు. కింద ఒక షెడ్డు. భార్యాభర్తలిద్దరూ అక్కడే కాపలా ఉంటున్నారు. మేము కోయలో పలకరించాం. ఆయన బస్టాపు మాట ఎత్తలేదు. కూర్చోమని, మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇదీ: "మీ ఇంటిపేరేంటి?"

ముగ్గురం చెప్పాం. గట్టు చెప్పాం, వేల్పు చెప్పాం. గోండుల్లో సగలు ఉన్నట్టే మా కోయల్లో గట్లు ఉన్నాయి. ఒకే గట్టు వాళ్లు అన్నదమ్ములు, వేరే గట్టు వాళ్లతో వియ్యం. ఆయన వేళ్ల మీద లెక్క వేసుకుని, "అయితే నువ్వు నాకు తమ్ముడివి. మీరిద్దరూ బావలు" అని తేల్చాడు. లోపలి నుంచి ఆమె నవ్వి, మాలో ఒకరిని "మరిదీ" అని పిలిచి కంచం పెట్టింది. ఊరి పొలిమేర దాటాక ఎవరూ మమ్మల్ని వరుసపెట్టి పిలవడం అదే మొదటిసారి. సున్నం అన్నా, కారం అన్నా అక్కడ ఎవరూ నవ్వలేదు.

ఓనరు అడిగిందీ, బావ అడిగిందీ ఒకే ప్రశ్న. ఒకాయన తలుపు వేయడానికి అడిగాడు, ఇంకొకాయన కంచం పెట్టడానికి అడిగాడు. ఆ ప్రశ్నకు భయపడి ఇంటిపేరు దాచుకుంటే రెండో తలుపు కూడా మూసుకుపోతుందని మాకు ఆ రోజు తెలిసింది. నెల తిరక్కుండా ఆ గది ఖాళీ చేశాం. బావే తెలిసిన మేస్త్రీతో మాట్లాడి ఇంకో గది ఇప్పించాడు. రేకుల గది, వాన పడితే చప్పుడు. ఆ చప్పుడులో మేము గట్టిగా కోయ మాట్లాడుకునేవాళ్లం. బడి రిజిస్టరులో మళ్లీ ఇంటిపేరు పూర్తిగా రాశాం. ఆ సార్ ఇంకోసారి నవ్వాడు. ఈసారి మేము నవ్వలేదు. మూడోసారి ఆయన అనలేదు.

రెండేళ్లకు మాకు డీఎస్సీలో ఉద్యోగాలు వచ్చి ఏజెన్సీకి తిరిగి వచ్చేశాం. ఆ దారి మా తెలివితేటల వల్లే తెరుచుకోలేదు. 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని చెప్పింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. వంద శాతం రిజర్వేషన్ చెల్లదంది. అప్పటికే కొలువుల్లో ఉన్న మాలాంటి వాళ్లను తీసేయలేదు. కానీ మా దగ్గర చదువుకున్న పిల్లలకు మాకున్న ఆ భరోసా లేదు. మేము నగరంలో రెండేళ్లు ఉండి వచ్చాం. వాళ్లలో చాలామంది అక్కడే బతకాలి. కాబట్టి వాళ్లను సిద్ధం చేసి పంపడం ఇప్పుడు టీచర్లుగా మన పని.

మేము చేస్తున్నది పెద్దదేమీ కాదు. బడి వదిలే ముందు ప్రతి పిల్లాడితో, పిల్లతో ఒక కాగితం రాయిస్తాం. ఇంటిపేరు, గట్టు, వేల్పు, ఊరు. తల్లి వైపు ఇంటిపేరు కూడా. తెలియకపోతే సెలవుల్లో పెద్దవాళ్లను అడిగి రమ్మంటాం. దానితోపాటు బతుకుకు కావలసిన నాలుగు మాటలు చెబుతాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ యజమాని చేతిలోనూ పెట్టొద్దు, జిరాక్సులే ఇవ్వాలి. కుల ధ్రువీకరణ పత్రం వెళ్లేముందే తీసుకోవాలి. జీతం ఎంతో, ఏ తారీకున ఇస్తారో చేరకముందే అడగాలి. గదికి అడ్వాన్సు ఇస్తే చీటీ రాయించుకోవాలి. "మీరేమోళ్లు" అని అడిగితే ఏం చెప్పాలో తరగతి గదిలోనే పైకి చెప్పిస్తాం. మొదట్లో పిల్లలు తల వంచుకుని చెబుతారు. నాలుగైదు సార్లకు తల ఎత్తుతారు.

నిజం చెబితే నష్టం లేదని మేము అనం. నర్సుగా వెళ్లిన అమ్మాయి నిరుడు ఫోన్ చేసి, "సార్, కోయ అని చెప్పిన. మూడిండ్లు పోయినయ్. నాలుగో ఇంటామె ఇచ్చింది" అంది. ఆ మూడు ఇళ్లకు తిరిగిన సాయంత్రాలు ఆ పిల్లకు ఎవరు తిరిగి ఇస్తారు? ఆ కోపం మాకు ఉంది, ఉండాలి కూడా. అయినా ఆమె ఆ నాలుగో ఇంట్లో గొంతు దించకుండా అమ్మతో కోయలో ఫోన్ మాట్లాడుకుంటోంది. అది మా మొదటి గదిలో మాకు లేదు.

ఈ మధ్య మళ్లీ చేసింది. దుమ్ముగూడెం వైపు నుంచి ఒక అమ్మాయి వాళ్ల ఆసుపత్రిలోనే కొత్తగా చేరిందట. గది దొరక్క ఏడుస్తుంటే తన దగ్గరికి తెచ్చుకుందట. "ముందు ఇంటిపేరు అడిగిన సార్. లెక్క చూస్తే నాకు చెల్లెలైతది" అంది.

ఆ గది అడ్రసు ఇప్పుడు మా నోటుబుక్కులో ఉంది. ఈ ఏడు వెళ్లే పిల్లలకు ఇస్తాం.