ఏ ఎపిసోడో చెప్పండి

పాడ్‌కాస్టు బాగుందని చెప్పడం తేలిక. ఎదుటిమనిషి చేత వినిపించడమే కష్టం. సినిమా అయితే రెండున్నర గంటలు, నచ్చకపోతే ఇంటర్వెల్లో లేచి వచ్చెయ్యొచ్చు. పాడ్‌కాస్టు పేరొక్కటి చెప్పి వదిలేస్తే ఆ మనిషి వెళ్ళి చూస్తాడు. అక్కడ వందల ఎపిసోడ్లు పేర్చి ఉంటాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక అన్నిటికన్నా పైనున్నది నొక్కుతాడు. అందులో ముగ్గురు మిత్రులు ఎప్పటిదో పాత జోకు గుర్తు చేసుకుని పడీపడీ నవ్వుతుంటారు. పది నిమిషాలు ఓర్చుకుని, కట్టేసి, ఇళయరాజా పాటలు పెట్టుకుంటాడు. బెంగళూరు తెలుగువాళ్ళ ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో సిఫారసులు చాలావరకు ఇలాగే గాల్లో కలిసిపోతుంటాయి.

అయినా ఏం వినాలన్న ప్రశ్న మాత్రం ఆ గ్రూపుల్లో ఆగదు. ఆగకపోవడానికి కారణం సిల్క్ బోర్డు కూడలి దగ్గర ట్రాఫిక్‌లో కనిపిస్తుంది. టామ్‌టామ్ సంస్థ లెక్కల్లో 2022లో బెంగళూరు నగరం నడిబొడ్డున 10 కిలోమీటర్లు వెళ్ళడానికి సగటున 29 నిమిషాలు పట్టింది. ప్రపంచంలో అంతకంటే నెమ్మదిగా కదిలిన నగరం లండన్ ఒక్కటే. ఆ తర్వాత మెట్రో పొడుగు పెరిగింది. 2023 అక్టోబరులో పర్పుల్ లైను చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయింది, దాదాపు 43 కిలోమీటర్లు. అయినా మారతహళ్ళిలోనో, బెళ్ళందూరులోనో ఉండి కంపెనీ బస్సెక్కే వాళ్ళకి రోజుకో గంటన్నర చెవులు ఖాళీగానే ఉంటున్నాయి. దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం స్టేషను, రేడియో సిటీ, 2001 జూలై 3న మొదలైంది ఈ ఊళ్ళోనే. కానీ ఊరి ఎఫ్ఎంలు కన్నడంలోనో హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడతాయి. తెలుగులో నవ్వుకోవాలంటే ఎవరి ఏర్పాటు వాళ్ళు చేసుకోవాల్సిందే. (టూవీలరు నడుపుతూ వినేవాళ్ళకి ఇక్కడ సిఫారసులేమీ లేవు. హారన్లు వినండి చాలు.)

హాస్యంతో మొదలుపెడితే, ముందు ఒక షరతు. వేగం పెంచి వినకూడదు. ఐటీ ఊళ్ళో ఒకటిన్నర రెట్ల వేగం అలవాటు బాగా ముదిరింది. అదీ చాలదన్నట్టు కొన్ని ఆప్‌లలో మాటకీ మాటకీ మధ్య నిశ్శబ్దాన్ని కత్తిరించే మీట కూడా ఉంటుంది. ఓవర్‌కాస్ట్‌లో ఉంది, పాకెట్ కాస్ట్స్‌లో ఉంది. వార్తా విశ్లేషణకి అది మేలే. హాస్యానికి గొంతు నులిమినట్టు. నవ్వు పుట్టేది మాటలో కాదు, మాట తర్వాత వచ్చే ఆ అర సెకను ఖాళీలో. దాన్ని యంత్రం కోసేశాక మిగిలేది సమాచారం. "ఎందుకో నాకు నవ్వు రాలేదు బ్రో" అన్నవాణ్ణి మొదట అడగాల్సింది ఏ వేగంలో విన్నాడని.

రెండో పరీక్ష కళ్ళు మూసుకుని వినడం. జంధ్యాల సినిమాలు ఈ పరీక్షలో నిలబడతాయి, ఎక్కువగా సుత్తి జంట వచ్చినప్పుడు. 1982లో వచ్చిన 'నాలుగు స్తంభాలాట'తో ఆ జంట ఇంటింటి పేరైపోయింది. ఆ జంటలో వీరభద్రరావు సినిమాల్లోకి రాకముందు పనిచేసింది విజయవాడ ఆకాశవాణిలో. మొహం కనిపించని చోట నవ్వించడం నేర్చుకుని వచ్చిన మనిషి కాబట్టే ఆయన విసుగు, ఆయన సాగదీత, ఆయన ఆయాసం గొంతులోనే దొరుకుతాయి. తెర ఆర్పేసినా పాత్ర చెక్కుచెదరదు. ఇప్పటి టీవీ స్కిట్లలో చాలావాటికి ఆ భాగ్యం లేదు. విగ్గు జారితేనో, చెంప పగిలితేనో వచ్చే నవ్వు ఇయర్‌ఫోన్లోకి ఎలా వస్తుంది?

నిజానికి సినిమాని చూడకుండా వినడం తెలుగువాళ్ళకి కొత్త కాదు. ఆకాశవాణిలో 'సంక్షిప్త శబ్దచిత్రం' అని వచ్చేది. సినిమా సౌండ్‌ట్రాకుని గంటకి కుదించి ఆదివారం మధ్యాహ్నాలు వినిపించేవారు. ఊళ్ళోకి రాని సినిమాని ముందు చెవితో చూసేసి, తర్వాత కొన్నేళ్ళకి కళ్ళతో చూసినవాళ్ళు బోలెడుమంది. మాటల క్యాసెట్లు కిళ్ళీకొట్లలో మోగిన రోజులూ ఉన్నాయి. పాడ్‌కాస్టనేదేదో అమెరికా నుంచి ఊడిపడిందనుకునే నేటి శ్రోత, తన తాతగారు ట్రాన్సిస్టరు ముందు కూర్చుని చేసిందేమిటో ఒకసారి ఆలోచించుకోవచ్చు.

ఆ తాతగారి సరుకు ఇంకా దొరుకుతోంది. 1998 నుంచి నడుస్తున్న 'ఈమాట' పత్రిక శబ్ద విభాగంలో పరుచూరి శ్రీనివాస్ సేకరించి అందించిన పాత రేడియో నాటకాలు ఉన్నాయి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి నాటక విభాగం చేసిన చిలకమర్తి 'గణపతి' పేరు చెబితే పెద్దవాళ్ళు ఇప్పటికీ నవ్వు మొదలుపెట్టేస్తారు. చదువబ్బని, పని అంటని ఆ గణపతిని కొత్త శ్రోతకి ఇచ్చేముందు ఒక మాట చెప్పాలి: రికార్డింగు పాతది, మొదట్లో గరగరమంటుంది, రెండు నిమిషాలు ఓపిక పట్టమని. ఆ మాట చెప్పకపోతే ఇంజనీరు బుర్ర వెంటనే ఇయర్‌ఫోను చెడిపోయిందని తేల్చేస్తుంది.

గొంతుతోనే నవ్వించొచ్చు అనడానికి బెంగళూరు సొంత సాక్ష్యం కూడా ఒకటుంది. డానిష్ సేఠ్ ఫీవర్ 104 ఎఫ్ఎంలో జనానికి ఫోన్లు చేసి ఆటపట్టించేవాడు. అలా ఫోన్లో పుట్టిన రాజకీయ నాయకుడు నోగ్‌రాజ్. 2018 జనవరిలో 'హంబుల్ పొలిటీషియన్ నోగ్‌రాజ్' అని కన్నడ సినిమా అయ్యాడు, 2022లో వెబ్ సిరీస్ అయ్యాడు. సినిమా సరదాగానే ఉంటుంది. అయినా ఆ పాత ఫోన్ కాల్సే గట్టివి. అవతల ఉన్న అమాయకుడికి అనుమానం మొదలయ్యే క్షణం ఒకటుంటుంది చూడండి, దాన్ని కెమెరాతో పట్టలేరు. కన్నడం సగం సగమే వచ్చిన తెలుగువాడికి కూడా అది దొరికిపోతుంది. ఇక కన్నడం నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టినవాళ్ళకి 2019లో మొదలైన 'తలె-హరటె' ఉంది. అది హాస్యం కాదు, కబుర్లు. ఆటోవాడితో బేరానికి కాకుండా, పక్కింటివాళ్ళతో మాట్లాడ్డానికి పనికొచ్చే కన్నడం అందులో వినిపిస్తుంది.

ఇంగ్లీషులో ఒక్కటే చెప్పమంటే 'ది బ్యూగల్'. జాన్ ఆలివర్, ఆండీ జాల్ట్‌జ్‌మన్ 2007లో మొదలుపెట్టారు. ఆలివర్ టీవీలో తలమునకలయ్యాక జాల్ట్‌జ్‌మన్ రకరకాల జోడీలతో నడిపిస్తున్నాడు. వాళ్ళలో అనువబ్ పాల్ ఉన్న ఎపిసోడు వెతికి మొదలుపెట్టమనాలి. మన దేశపు ఆఫీసు వ్యవహారాల్ని బ్రిటిషువాడికి వివరిస్తుంటే వచ్చే నవ్వుకి ముందస్తు పరిచయం అక్కర్లేదు.

కథల దగ్గరికి వస్తే బెంగళూరుది విచిత్రమైన స్థితి. తెలుగు కథలు రాయించి, చదివించి దేశమంతా పంపే కంపెనీలు ఈ ఊళ్ళోనే కాపురముంటున్నాయి. ప్రతిలిపి ఇక్కడిదే, 2014 నుంచి. పాకెట్ ఎఫ్ఎం ఇక్కడిదే. తెలుగు ధారావాహికలు వాటిలో కుప్పలు. ఒక్కొక్క కథ వందల ఎపిసోడ్లు సాగుతుంది, ఒక్కో ఎపిసోడూ కత్తి మెడ మీదకి రాగానే ఆగిపోతుంది. నిన్నటి పేదవాడు ఇవాళ కోటీశ్వరుడని తేలుతుంది, అత్తగారు నోరెళ్ళబెడుతుంది. చిన్నచూపు చూడక్కర్లేదు, వారపత్రికల సీరియళ్ళు మన ఇళ్ళలో చేసిన పనే ఇది. కాకపోతే తోటి శ్రోతకి సిఫారసు చెయ్యడానికి ఇవి పనికిరావు. మొదలుపెట్టించిన పాపానికి చివరిదాకా బాధ్యత మోయాల్సి వస్తుంది.

సిఫారసుకి పనికొచ్చేది 'హర్షణీయం'. తెలుగు కథలు, వాటిని రాసినవాళ్ళ మాటలు, అనువాదకులతో సంభాషణలు అందులో ఉంటాయి. అరగంటలో ముగిసే కథ ఒకటి ఎంచి ఇస్తే చాలు, విన్నవాడే తర్వాతది వెతుక్కుంటాడు. కథకి ముందు పరిచయం ఉంటే దాన్ని దాటించెయ్యమని చెప్పడంలో తప్పులేదు. కథ విన్నాక వెనక్కి వచ్చి పరిచయం వింటే రెండింతలు రుచి.

సొంతూరెళ్ళే శుక్రవారం రాత్రి బస్సుకి 'బారిస్టర్ పార్వతీశం' ఆడియోకి మించింది లేదు. మొక్కపాటి నరసింహశాస్త్రి పార్వతీశం చేతనే కథ చెప్పించారు కాబట్టి అది చెవి కోసమే రాసినట్టుంటుంది. ఊరు కదిలి మద్రాసు చేరిన పార్వతీశం దొరలా కనిపించాలని టోపీ కొంటాడు, అది ఆడవాళ్ళ టోపీ. ఎక్కడో కర్నూలు జిల్లా నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చి, మొదటి నెల జీతంతో మాల్‌లో ఏదో కొని, మర్నాడు ఆఫీసులో అందరి చూపులూ తన మీదే ఉన్నాయని గ్రహించిన ప్రతి కుర్రాడికీ ఆ టోపీ సొంత కథే. హెబ్బాళ ఫ్లైఓవరు మీద బస్సు నిలిచిపోయినప్పుడు మొదలుపెడితే దేవనహళ్ళి దాటేలోగా టోపీ దాకా రావచ్చు.

పరాయి భాషల్లో కల్పనకి రెండు పేర్లు చాలు. ఒకటి 2012 జూన్‌లో మొదలైన 'వెల్కమ్ టు నైట్ వేల్'. ఎడారిలో లేని ఊరు, ఆ ఊరి రేడియోలో వార్తలు. తలుపు మీద దయ్యం కూర్చున్నా, ఆకాశం మాట్లాడినా, చదివేవాడి గొంతు మాత్రం మన ప్రాంతీయ వార్తల్లా నిమ్మళంగా ఉంటుంది. ఆకాశవాణితో పెరిగినవాడికి ఇందులో చమత్కారం వెంటనే అందుతుంది. మొదటి ఎపిసోడే పెట్టమనాలి, మధ్యలోంచి దూకితే గందరగోళం. రెండోది 2016 నాటి 'హోమ్‌కమింగ్'. ఫోన్ సంభాషణలు, రికార్డు చేసిన ఇంటర్వ్యూలు, అంతే. కథ చెప్పేవాడు లేడు. ఆస్కార్ ఐజాక్, కేథరిన్ కీనర్ గొంతులు. మొదటి సీజను ఆరే ఎపిసోడ్లు. 2018లో జూలియా రాబర్ట్స్‌తో సిరీసుగా తీశారు గానీ, వినాల్సింది ముందు విని తర్వాతే చూడాలి. 2022లో బ్యాట్‌మ్యాన్ కూడా శ్రవ్య నాటకంగా వచ్చాడు, హిందీలో 'ఏక్ చక్రవ్యూహ్' పేరుతో అమిత్ సాధ్ గొంతులో. తెలుగులో రాలేదు.

టీవీ గురించిన పాడ్‌కాస్టులకి నియమం కటువుగా ఉంటుంది. ఆ సీరియల్ చూడనివాళ్ళకి ఇవ్వకూడదు. 2019లో జెన్నా ఫిషర్, ఏంజెలా కిన్సే 'ఆఫీస్ లేడీస్' మొదలుపెట్టారు. తాము నటించిన 'ది ఆఫీస్'ని ఒక్కో ఎపిసోడూ మళ్ళీ చూస్తూ కబుర్లాడుకుంటారు. బల్ల మీద కనిపించిన చిన్న వస్తువు ఎక్కణ్ణించి వచ్చిందో, ఏ సన్నివేశంలో ఎవరు నవ్వాపుకోలేకపోయారో చెబుతారు. బెంగళూరు క్యూబికల్స్‌లో ఆ సీరియల్ చూడనివాణ్ణి వెతకడం కష్టం కాబట్టి ఇది ఇక్కడ బాగానే చెల్లుతుంది. ఇలాంటివాటికి ముందు నడిచింది 'ది వెస్ట్ వింగ్ వీక్లీ', 2016 నుంచి 2020 దాకా. నడిపినవాళ్ళలో ఒకరు హృషికేశ్ హిర్వే, మరొకరు 'ది వెస్ట్ వింగ్' సీరియల్లోనే నటించిన జాషువా మలీనా. చూసినవాళ్ళకి పండగ, చూడనివాళ్ళకి గోడ.

తెలుగులో ఇలా తెర వెనక కబుర్లు చెప్పించే పని సగం చేసినవాడు టీఎన్ఆర్. 'ఫ్రాంక్లీ విత్ టీఎన్ఆర్' ఇంటర్వ్యూలు గంటలు గంటలు సాగేవి. ఎదుటివాళ్ళు మర్యాద కబుర్లు అయిపోయి నిజం చెప్పడం మొదలుపెట్టేదాకా ఆయన కదిలేవాడు కాదు. 2021 మే 10న కోవిడ్‌తో పోయాడు. ఆ ఇంటర్వ్యూలని ఫోను జేబులో పెట్టుకుని వినొచ్చు, బొమ్మ అక్కర్లేదు. కాలిఫోర్నియా నుంచి కిరణ్‌ప్రభ చేసే టాక్ షోలూ అంతే. సినిమావాళ్ళ జీవితాల్ని, రచయితల జీవితాల్ని ఒక్క గొంతుతో, తొందర లేకుండా చెప్పుకుపోతారు.

ఆ తర్వాత వచ్చినవాటిలో ఇంటర్వ్యూలకి కొదవ లేదు. ఇద్దరు మనుషులు, రెండు మైకులు, వెనక నీలం లైటు. రాసుకుని, సాధన చేసి, గొంతులతో ఆడించిన తెలుగు హాస్యం మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టాల్సిందే. ఇంటర్వ్యూకి కావలసింది అతిథి. నాటకానికి రచయిత కావాలి, అయిదారు గొంతులు కావాలి, తలుపు చప్పుడు దగ్గర్నించి చెయ్యడానికి ఒక మనిషి కావాలి. ఖర్చు ఎక్కువ, చూపులు తక్కువ. ఆకాశవాణి ఈ పని జీతాలిచ్చి చేయించింది. ఇప్పుడు ఇచ్చేవాడు లేడు.

కనీసం టీవీ కబుర్లయినా చెయ్యొచ్చు. 'అమృతం' సీరియల్ సిద్ధంగా ఉంది. గుణ్ణం గంగరాజు చేతి మీదుగా 2001 నవంబరు 18న జెమినీ టీవీలో మొదలై, 2007 దాకా 313 ఎపిసోడ్లు నడిచింది. అన్నీ మాట మీద నిలబడ్డవే. ఇవాళ్టికీ యూట్యూబులో పెట్టి, ఫోను తిరగేసి, అంట్లు తోముకుంటూ వినేవాళ్ళు ఉన్నారు. వారానికో ఎపిసోడు మీద ఒక్కో అరగంట చొప్పున మాట్లాడినా ఆరేళ్ళ సరుకు. అంజిగా వేసిన గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో పోయారు, ఆ జ్ఞాపకాలు ఆయన నోట ఇక వినలేం. సర్వంగా వేసిన వాసు ఇంటూరి, అప్పాజీగా వేసిన శివన్నారాయణ ఉన్నారు. అమృతరావు పాత్రని వేరువేరు రోజుల్లో వేసిన ముగ్గురూ, శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్, ఉన్నారు. ఆ ముగ్గుర్నీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, అంజి చేత చివాట్లు ఎక్కువ తిన్న అమృతం ఎవరో తేల్చుకోమంటే మొదటి ఎపిసోడు దానంతటదే తయారవుతుంది.