పత్తికొండ బావి - మన్రో దొర

స్కాట్లండు దేశమునకు యాత్ర బోవువారు అచ్చటి పాడుపడిన కోటలను, గళ్ల వస్త్రములను జూచి, మన వీథినాటకములలో శ్రుతికై యూదు తిత్తివంటి వాద్యమును విని సంతోషించి వత్తురు. తాతముత్తాతల జాడలు వెదకికొనుటకై సముద్రములు దాటి వచ్చువారును గలరు. సోదరీమణులారా! ఆ దేశపు చరిత్రలో నొక పుట మన కర్నూలు, కడప సీమలలోనే యున్నది. దానిని జూచుటకు ఓడ యెక్క నక్కఱలేదు. పత్తికొండ బస్సెక్కిన జాలును.

సర్ థామస్ మన్రో 1761లో గ్లాస్గో నగరమున నొక వర్తకుని యింట జన్మించెను. 1780లో కుంపినీ సైన్యమున జేరి చెన్నపట్టణమునకు వచ్చెను. 1800లో నైజాము మన సీమను కుంపినీవారికి ధారవోయగా దీనికి దత్తమండలములను పేరు వచ్చినది. కర్నూలు పట్టణము మాత్రము 1839 వఱకు నవాబుల యేలుబడిలోనే యుండెను. ఈ మండలములకు 1807 వఱకు మన్రోయే ప్రధాన కలెక్టరు. పొలము పొలమును గొలిపించి, రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించు రైతువారీ పద్ధతిని ఆయన యిచ్చట నెలకొల్పెను. ఆ శిస్తు మిక్కిలి హెచ్చు. నూటికి ఇరువదియైదు వంతులు తగ్గింపవలసినదని 1807లో తానే పైవారికి వ్రాసెను గాని వారు వినలేదు. 1820లో తాను చెన్నపట్టణపు గవర్నరైన పిదపనే యది నెరవేఱినది. ఆ నడిమి యేండ్లలో నెన్ని యిండ్ల పుస్తెలు వడ్డివ్యాపారి పెట్టెలోనికి బోయెనో యే దస్త్రమును జెప్పదు.

పదవి విడిచి స్వదేశమునకు మరలుటకు ముందు తన పాత రైతులను మఱియొకసారి చూడవలెనని ఆయనకు గోరిక పుట్టెను. భార్య జేన్ జబ్బుపడిన చిన్న కుమారునితో అంతకుముందే యోడ యెక్కి వెళ్లిపోయి యుండెను. 1827 జూలై 6వ తేదీన పత్తికొండ మజిలీలో వాంతిభేది సోకి, ప్రొద్దున బడకవేసిన మనిషి రాత్రికి గన్ను మూసెను. గుత్తిలో బాతిపెట్టి, కొన్నాళ్లకు చెన్నపట్టణపు కోటలోని చర్చికి దరలించిరి. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము దొరతనమువారు ఱాతిమెట్ల బావిని గట్టించి, తోపు నాటించిరి.

మేము పోయిననాడు ఆ దాపున మేకలు మేపుచున్న యొక ముసలమ్మ, "మా జేజినాయన పేరు మన్రోలప్ప నమ్మా. ఆ దొర పేరే పెట్టినారంట. ఆయప్పది యా దేశము?" అని యడిగెను. స్కాట్లండనియు, అచ్చట నేడాది పొడవునను వాన కురియుననియు జెప్పితిని.

"అట్లయితే నీళ్ల కరువు ఆయప్పకెట్ల తెలిసె?"

బావిని త్రవ్వించినది ఆయన కాదనియు, ఆయన పోయిన పిదప దొరతనమువా రనియు మావారు సరిదిద్దిరి. బడిపంతులుగారు గదా, తప్పు వినబడిన నూరకుండలేరు.

"సచ్చినంకనన్నా నీళ్లిచ్చినాడు గద సామీ" అని యామె మేకలను దోలుకొని పోయెను.

బిడ్డలకు పేరు పెట్టుటతో మనవారు తృప్తిపడలేదు. మన్రోను మాండవ్య ఋషిని జేసిరి. కడప జిల్లాలో పాపఘ్ని కొండను జీల్చుకొని పాఱుచోట గండి క్షేత్రమున్నది. లంకనుండి మరలు రామునికొఱకు వాయుదేవుడు అచ్చట గట్టిన బంగారు తోరణము పుణ్యాత్ములకే, అదియు మరణ మాసన్నమైనపుడే కనబడునట; మన్రో దానిని జూచెనట. మంత్రాలయమున రాఘవేంద్రస్వామివారు బృందావనమునుండి వెలువడి ఆయనతో మాటాడిరని మఱియొక కథ. పరదేశిని మనవారిలో గలుపుకొనుటకు పెద్దలెఱిగిన మార్గమిది యని నాకు దోచినది.

అయినను ఈ ఋషి చేతులలో గత్తి లేకపోలేదు. ఎనుబదిమంది పాలెగాండ్ర బలము నణచినవాడు ఆయనయే. కొందఱిని వెడలగొట్టెను, కొందఱిని భరణములతో గూర్చుండబెట్టెను. అట్టి పాలెగాండ్ర వంశమువాడే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1846లో దిరుగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబ మెక్కెను. స్కాట్లండులోను ఇట్టిదే జరిగినది. 1746లో కలొడెన్ యుద్ధము పిమ్మట ఇంగ్లండు రాజు ప్రభుత్వము కొండసీమ నాయకుల బలమును విఱిచి, పురుషులు గళ్ల వస్త్రములు ధరింపరాదని శాసించెను. ఆ నిషేధము 1782 వఱకు దొలగలేదు. మన్రో పుట్టినది ఆ యుద్ధమునకు బదునైదేండ్ల తరువాత. తన దేశమున జరిగినదానిని ఎఱిగియే ఆయన మన సీమలో ఆ పని చేసెనా? ఆ యుద్ధమున నోడిన రాకుమారుడు చార్లెసును గూర్చి అచ్చటివారు నేటికిని బాడుదురు. నరసింహారెడ్డి పాట మన పల్లెలలో నున్నది. ఒకే యింట తాత పేరు మన్రోలప్పయు, అవ్వ నోట రెడ్డి పాటయు నుండియుండవచ్చును.

మరలునపుడు గుత్తి దారిలో ఎఱ్ఱగుడి బండలకడ దిగితిమి. అశోక చక్రవర్తి పదునాలుగు ధర్మశాసనములు అచ్చట జెక్కబడి యున్నవి. వానిలో రెండవది మావారు చూపిరి: దారుల వెంట మనుష్యులకును పశువులకును బావులు త్రవ్వించి, చెట్లు నాటించినట్లు దానియందున్నది. రెండువేల రెండువందల యేండ్లకు బైబడిన మాట! ఆ యక్షరములపై వ్రేలుంచి నేను చాలసేపు నిలిచితిని. ప్రొద్దు వాలుచుండగా గుత్తి బస్సునకై రోడ్డునకు ద్వరపడితిమి. చూడబోవు సోదరీమణులు త్రాగునీరు వెంట దీసికొనిపోవుట మఱవరాదు.