ధారూర్ నుంచి ఢిల్లీకి జాలీసంచిలో చిన్నకుక్క

వికారాబాదులో తాండూరు బస్సు ఎక్కితే, అనంతగిరి మలుపులు దాటి కొండ దిగిన కాసేపటికి ధారూర్ వస్తుంది. సికింద్రాబాదు నుంచి వాడి వెళ్లే రైలుమార్గంలో ఇదొక చిన్న స్టేషను. ఏటా నవంబరులో ఇక్కడ మెథడిస్టు క్రైస్తవుల జాతర జరుగుతుంది; ఆ రోజుల్లో ఊరు జనంతో కిటకిటలాడుతుంది. మిగతా కాలమంతా కందిచేలు, ఎర్రమట్టి, దగ్గరలో కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లు, ప్రశాంతంగా ఉండే పల్లెటూరి వాతావరణం. అనంతగిరి కొండమీద నిజాం కాలంనాటి క్షయ ఆసుపత్రి ఉంది. క్షయకు సరైన మందులు రాని రోజుల్లో రోగులకు మంచి గాలే పెద్ద మందు. ఆ కొండను అందుకే ఎంచుకున్నారు.

ఇలాంటి ఊరి గురించి చెబుతూ విమానంలో కుక్కను తీసుకువెళ్లే సంచి ప్రస్తావన ఎందుకని మీరు అడగవచ్చు. పిల్లలు ఢిల్లీలోనో, పూణేలోనో, బెంగుళూరులోనో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇంట్లో మిగిలింది పెద్దవాళ్లు, వాళ్లకు తోడుగా ఒక బొచ్చుకుక్క. పిల్లలు రమ్మంటే 'దీన్ని ఎవరికి అప్పగించి రావాలి?' అని ప్రయాణం మానుకునేవాళ్లను ఈ ప్రాంతంలో ఎందరినో చూశాను. కంటి ఆపరేషనును, గుండె పరీక్షను కూడా ఈ ఒక్క కారణంతో వాయిదా వేసేవారున్నారు. అందువల్ల ఇది మనుషుల ఆరోగ్య విషయం కూడా.

రిటైరయిన టీచరమ్మ ఒకరు రెండు కళ్లలో శుక్లాలతో ఏడాదిపాటు అలాగే నెట్టుకొచ్చారు. ఢిల్లీలో కొడుకు ఆపరేషనుకు అన్నీ సిద్ధం చేశాడు. ఆవిడ మాత్రం నాలుగున్నర కిలోల పొమరేనియన్‌ను వదిలి కదలనన్నారు. చివరకు ఒకరోజు ఆసుపత్రికి వచ్చి, "డాక్టర్ సాబ్, దీనికో నిద్రగోళీ రాసియ్యండి. విమానంల పండుకోబెట్టి తీస్కపోత," అన్నారు. నేను రాయలేదు. ఎందుకు రాయలేదో, దానికి బదులు ఏం చేయమన్నానో మీకందరికీ ఉపయోగపడుతుందని ఇక్కడ వివరిస్తున్నాను.

నిద్రమాత్ర ఎందుకు వద్దు?

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ ఒంటివేడిని బయటికి పంపుతుంది. మత్తులో ఉన్న కుక్క సరిగ్గా రొప్పలేదు, కుదుపు వచ్చినప్పుడు కాళ్లు నిలదొక్కుకోలేదు. కొన్ని మత్తుమందులు రక్తపోటును తగ్గిస్తాయి. ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి సుమారు ఎనిమిదివేల అడుగుల కొండమీద ఉన్నంత తక్కువగా ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కుక్క దాన్ని తట్టుకుంటుంది. మత్తులో ఉన్నదానికి కష్టం. పశువైద్యులూ, విమానరవాణా సంస్థలూ మత్తు ఇవ్వవద్దని చెప్పడానికి కారణం ఇదే.

మన మాత్రలు అసలే పనికిరావు. పారాసిటమాల్ కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను పాడుచేస్తాయి. ప్రయాణంలో వాంతులవుతాయని భయం ఉంటే పశువైద్యుణ్ణి అడగండి. దానికి వేరే మందులున్నాయి, వాటిని ఆయనే తూకం చూసి ఇవ్వాలి.

సంచి ఎలా ఉండాలి?

రైల్లో అయితే కుక్కను ఫస్టుక్లాసు కూపేలోనో, గార్డు వ్యానులోని కుక్కల పెట్టెలోనో తీసుకుపోవాలి. స్లీపరులోకీ, త్రీటైరులోకీ రానివ్వరు. విమానాల్లోనూ అన్ని కంపెనీలూ ఒప్పుకోవు. మన దేశంలో ఎయిర్ ఇండియా, 2022 నవంబరు నుంచి ఆకాశ ఎయిర్ చిన్నకుక్కలను యజమానితోపాటు లోపలికి అనుమతిస్తున్నాయి. బరువు హద్దు కుక్కను, సంచిని కలిపి చూస్తారు. ఆ హద్దూ, సంచి కొలతలూ మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనేముందే కంపెనీకి ఫోను చేసి కనుక్కోండి. ఒక్కో విమానంలో ఒకటి రెండు కుక్కలకే చోటుంటుంది.

సంచిని ముందుసీటు కింద పెట్టాలి. గట్టి ప్లాస్టిక్ పెట్టె అక్కడ పట్టకపోవచ్చు, మెత్తని గుడ్డసంచి కాస్త ఒదిగి పడుతుంది. అయితే మెత్తదనంలోనే ఒక ప్రమాదం ఉంది. పైకప్పు కుంగి కుక్క మూతిమీద పడితే ఊపిరాడదు. అందుకని కప్పు నిలబడేట్టు లోపల తీగచట్రం ఉన్నదే కొనండి. కనీసం మూడువైపులా గాలి ఆడే జాలీ ఉండాలి. అడుగున గట్టి అట్ట, దానిమీద తడి పీల్చే గుడ్డ వేయాలి. జిప్పుకు లోపలినుంచి ముక్కుతో తోసినా తెరుచుకోని కొక్కెం అవసరం. కుక్క లోపల నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు ముడుచుకుని పడుకోవాలి. ఈ మూడూ ఇంట్లోనే చూసుకోండి.

ఆ సంచిని తలపైనుండే సామాన్ల అరలో మాత్రం పెట్టకండి, ఎవరు పెట్టమన్నా పెట్టనివ్వకండి. 2018 మార్చిలో అమెరికాలో హ్యూస్టన్ నుంచి న్యూయార్కు వెళ్లిన విమానంలో ఒక చిన్న బుల్‌డాగ్‌ను సంచితో సహా పై అరలో పెట్టించారు. దిగి చూసేసరికి అది చనిపోయి ఉంది. కొండమీది క్షయరోగికైనా సంచిలోని కుక్కకైనా గాలే ప్రాణం.

పగ్, షిట్జూ, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంటి చప్పిడిముక్కు కుక్కలకు మామూలుగానే ఊపిరి ఇరుకు. వాటిని తీసుకువెళ్లేముందు పశువైద్యుడి సలహా తప్పనిసరి. వేసవిలో ఆ ప్రయాణం మానుకోవడమే మేలు.

నెలరోజుల సాధన

టీచరమ్మకు నేను రాసిచ్చిన 'మందు' ఇది. మొదటివారం సంచిని నోరుతెరిచి వంటింటి మూలన పెట్టి, కుక్క అన్నం గిన్నె అందులోనే పెట్టాలి. ఆవిడ పాత చీరముక్క ఒకటి లోపల పరచాలి. తెలిసిన వాసన ధైర్యమిస్తుంది. రెండోవారం జిప్పు వేసి అయిదు నిముషాలు, పది నిముషాలు, అరగంట అలా పెంచుకుంటూ పోవాలి. అరుస్తున్నప్పుడు తెరవకూడదు, ఊరుకున్న క్షణంలో తెరవాలి. లేకపోతే అరిస్తే తలుపు తెరుచుకుంటుందని అది నేర్చుకుంటుంది. మూడోవారం నుంచి కారులో కాళ్లదగ్గర సంచి పెట్టుకుని అనంతగిరి ఘాటు ఎక్కి వికారాబాదు దాకా వెళ్లిరావాలి. ఆ మలుపుల్లో వాంతి చేసుకోకుండా పడుకోగల కుక్కకు విమానం పెద్ద లెక్క కాదు.

నాలుగోవారానికి ఆ పొమరేనియన్ మధ్యాహ్నం కునుకుకు తనంతట తానే సంచిలోకి దూరడం మొదలుపెట్టిందట. టీచరమ్మ ఢిల్లీ వెళ్లారు, రెండు కళ్లకూ ఆపరేషన్లు జరిగాయి.

టీకా సంగతి

కుక్కకు మూడునెలలు నిండాక రేబీస్ టీకా, తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం బూస్టరు, ఆపైన ఏటేటా వేయించాలి. కొత్తగా టీకా వేయిస్తుంటే ప్రయాణానికి కనీసం నెలముందే పూర్తిచేయండి. టీకా కార్డు, పశువైద్యుడిచ్చే ఆరోగ్య పత్రం లేకుండా కౌంటరులో ఒప్పుకోరు.

టీకా వేసిన కుక్కయినా భయంతో కరిస్తే, గీరితే నిర్లక్ష్యం చేయకండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పదిహేను నిముషాలు కడగండి. పసుపు, కారం, ఆకుపసరు పూయవద్దు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయింది; ఆ పాతరకం టీకా తయారీని మన దేశంలో 2004 చివర్లోనే ఆపేశారు. ఇప్పుడు చేతికి, చర్మంలోపల వేసే పద్ధతిలో మొదటిరోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. గాయం లోతుగా ఉంటే సీరం కూడా అవసరమవుతుంది. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం. కాబట్టి ఒక్క సూదీ మానవద్దు.

ప్రయాణం రోజు

హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఆకాశంలో పట్టేది రెండుంపావు గంటలే. ధారూర్ నుంచి మన్నెగూడ, చేవెళ్ల మీదుగా శంషాబాదుకు సుమారు రెండుగంటలు, అక్కడ మరో రెండుగంటలు. అంటే నేలమీద గడిపే కాలమే ఎక్కువ, ప్రమాదాలూ నేలమీదే ఎక్కువ.

బయలుదేరడానికి నాలుగైదు గంటల ముందే తిండి ఆపండి. నీళ్లు కొంచెం కొంచెంగా ఇవ్వవచ్చు. తెల్లవారుజామునో, పొద్దుగూకాకనో ఉండే విమానం చూసుకోండి. చేవెళ్ల దారిలో మర్రిచెట్ల నీడ కనిపిస్తే ఆపి కుక్కను మెడపట్టీతో కాస్త నడిపించండి. టీకి దిగినప్పుడు మాత్రం అద్దాలు మూసిన కారులో దాన్ని వదలకండి. ఎండలో కారు కొద్ది నిముషాల్లోనే పొయ్యిలా కాలుతుంది.

ఆగకుండా రొప్పడం, చిక్కటి జొల్లు, చిగుళ్లు ముదురెరుపుగానో నీలంగానో మారడం, తూలడం వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, చల్లని నీళ్లు ఒళ్లంతా పోస్తూ గాలి విసరండి. స్పృహలో ఉంటే గుక్కెడు నీళ్లు పట్టండి. ఆ తర్వాత పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తండి.

విమానాశ్రయంలో తనిఖీకి సంచి యంత్రంలోకి వెళుతుంది, కుక్కను ఎత్తుకుని మీరు నడవాలి. కుక్క బెదిరి తప్పించుకునే చోటు అదే. అందుకని సంచి తెరవకముందే ఛాతీపట్టీ తగిలించి తాడు మణికట్టుకు చుట్టుకోండి. లోపల కూర్చున్నాక జిప్పు తెరవకండి. పక్కసీటువారికి ఆస్తమా ఉంటే విమాన సిబ్బందికి చెప్పి సీటు మార్పించండి. ముద్దుకొద్దీ ఎవరైనా చాక్లెట్టుగానీ, చక్కెరలేని చూయింగ్‌గమ్‌గానీ పెట్టబోతే సున్నితంగా వద్దనండి. రెండూ కుక్కకు విషమే.

కుక్కకు తోడుగా ఇంట్లో ఉండిపోయిన పెద్దవాళ్లు మీ ఇంట్లోనూ ఉండవచ్చు. వారి వైద్యం కుక్క కారణంగా ఆగిపోయి ఉంటే, ఈవారమే సంచి తెచ్చి వంటింటి మూలన పెట్టండి. నెల తిరిగేసరికి ఇద్దరూ బయలుదేరవచ్చు.