వెలుగు మీది తేదీ

ఆఫీసులో ఇన్వర్డు రిజిస్టరు వ్రాసే మా గుమాస్తాలకు ప్రతి ఉత్తరానికీ రెండు తేదీలుంటాయి. వ్రాసిన తేదీ ఒకటి, అందిన తేదీ మరొకటి. ఆకాశంలోని గెలాక్సీలకూ ఈ లెక్కే ఉన్నదని చదివి మేము ఆశ్చర్యపోయాము.

గెలాక్సీ అనగా కోటానుకోట్ల నక్షత్రాల కూటమి. అది పుట్టి పెరిగి ముసలిదయ్యేదాకా కూర్చుని చూడడం ఎవరి ఆయుష్షుకూ తరం కాదు. అయితే ఎంత దూరం చూస్తే అంత పాత వెలుగు గదా! దగ్గరివీ దూరపువీ వేలకొలది చూస్తే, పెళ్లిపందిట్లో పసిపాపలూ ముసలమ్మలూ ఒక్కచోట కనబడినట్లు, అన్ని వయసులవీ కనబడతాయి.

వయసు తెలిపేది వర్ణపటం. వెలుగును రంగులుగా విడదీస్తే అందులో సన్నని గీతలుంటాయి. ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క వరుస. 1868 ఆగస్టు 18న, సూర్యగ్రహణం నాడు, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరులో ఉండి, సూర్యుని అంచున లేచే జ్వాలలు హైడ్రోజన్ వాయువని ఈ గీతలవల్లనే గుర్తించాడు. గెలాక్సీ వెలుగులో హైడ్రోజన్ గీత బాగా మెరిస్తే అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయని అర్థం. అదిగాక, విశ్వం వ్యాకోచిస్తున్నందున వెలుగు దారిలో సాగి, గీతలు ఎరుపువైపు జరుగుతాయి. ఎంత జరిగితే అంత పాతది. వ్రాసిన తేదీ అదే.

2024లో జేమ్స్ వెబ్ దూరదర్శిని జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీ వెలుగును ఇట్లా చదివింది. విశ్వానికి 30 కోట్ల ఏళ్లు నిండకముందే బయలుదేరిన వెలుగు అది. నేడు విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. ఆ తరువాత చిలీ దేశంలోని ఆల్మా దూరదర్శినులు అందులో ఆక్సిజన్ గీతను పట్టి, తేదీని మరింత ఖాయం చేశాయి. మనం పీల్చే ఈ ప్రాణవాయువు తయారయ్యేది నక్షత్రాల కడుపులోనే. అనగా అంత పసితనంలోనే అక్కడ ఒక తరం నక్షత్రాలు బ్రతికి, గతించిపోయాయన్నమాట.

ఆ గెలాక్సీ నేడు ఎట్లున్నదో ఆ వెలుగు చెప్పలేదు. బయలుదేరిన నాటి సంగతే దానికి తెలుసు.

మా చిన్నతనంలో మేనత్త పోయినట్లు తంతి వచ్చింది. నాలుగు రోజులకు ఆమె వ్రాసిన కార్డు అందింది. "ఇక్కడ అందరమూ క్షేమం" అని ఉన్నది. చింపివేయమన్నారు ఇంట్లోవాళ్లు. మా నాయన మాత్రం దానిని ఉత్తరాల తీగకు గుచ్చి, "వ్రాసిననాటికి నిజమే గదా" అన్నారు.