సహాయాధ్యాపకుని సున్న

గడచిన వేసవి సెలవులలో మా పూర్వశిష్యుడొకడు మమ్ము చూడవచ్చెను. అతడు కెమికల్ ఇంజనీరింగున పైపట్టమునకు చదువుచు, భృతికి బదులుగా వారమునకు 8 గంటలు క్రింది తరగతులవారికి సహాయాధ్యాపకుడుగా పనిచేయుచున్నాడు. లెక్కలు చేయించుట, ప్రయోగశాలలో ప్రక్కన నిలుచుట, ఉత్తరపత్రములు దిద్దుట అతని పని.

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. వీధిబడిలో పెద్దపిల్లవాడు చిన్నవానిచే ఇసుకలో అక్షరములు దిద్దించుట మన పూర్వులెరిగినదే. 1789 మొదలు చెన్నపట్టణమున ఎగ్మూరులో సైనికుల అనాథబాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ దీనిని చూచి అవలంబించి, 1797లో లండనున గ్రంథముగా ప్రకటించెను. ఆంగ్లదేశమున అది మద్రాసు పద్ధతియని పేరొందెను. అయిన నేడు మనము సహాయకుని చేతికి ఎర్రసిరా కలమునిచ్చుచున్నాము గాని, దానిని వాడు విధము నేర్పుచున్నామా?

మా శిష్యుడు చెప్పిన సంగతి వినుడు. పరీక్షలో నొక ప్రశ్న: 100 కిలోల చెరకురసమున నూటికి 15 పాళ్లు ఘనపదార్థము కలదు, దానిని కాచి నూటికి 60 పాళ్లు ఘనపదార్థము గల పాకము చేసిన, ఎంత నీరు ఆవిరియగును? లోపలికి వచ్చిన ఘనము 15 కిలోలు, వెలుపలికి పోవునదియు 15 కిలోలే. కావున పాకము 25, ఆవిరి 75. ఒక బాలుడు 60 పాళ్లు నీరని పొరపాటుగా చదివెను. అంతట పాకము 37.5, ఆవిరి 62.5 వచ్చెను. రెండును కూడి నూరగునని సరిచూచుకొనెను గూడ. రాత్రి చాల పొద్దుపోయిన పిదప ఆ పత్రము చేతికి రాగా, మావాడు తుది అంకెను మాత్రము చూచి సున్న వేసెను.

ఆ బాలుడు రెండు వారములు తరగతికి రాలేదు. మావాడు వసతిగృహమునకు పోయి విచారింపగా, "అన్నా, ఒక్కమాట తప్పు చదివితిని. తక్కినదంతయు తప్పేనా?" యని యడిగెనట.

"మాస్టారూ, అప్పుడు నాకు మన దారశబ్దము జ్ఞప్తికి వచ్చినదండీ" యని మా శిష్యుడు నవ్వెను.

మాకు జ్ఞప్తి లేదు. అతడే చెప్పెను. పదవ తరగతిలో సంస్కృతానువాదమున అతడు, భార్యయను నర్థము గలది గదా యని, దారశబ్దమును స్త్రీలింగైకవచనముగా గ్రహించెను. అది పుంలింగము, నిత్యబహువచనము. ఆ తప్పునకు తగినట్లే విశేషణములన్నిటిని, క్రియను చక్కగా పొందుపరచెను. మేము ఆరు పంక్తులకు అడ్డముగా నొక్క గీత గీచి, "వేరు చెడిన చెట్టునకు కొమ్మలేల, నాయనా?" యంటిమట. అతడు ద్వేషముతో చెప్పలేదు. అందుచేతనే మాకు నోట మాట రాలేదు.

కర్మాగారమున తప్పు తప్పే, అచట అంకె క్షమింపదు అని కొందరనవచ్చును. నిజమే. కనుకనే తప్పు ఎచట మొదలయ్యెనో చూపవలెను. అంతయు తప్పని గీత గీచువాడు ఆ చోటును చూపుటలేదు, దాచుచున్నాడు. ఆచార్యుడు మొదట పది పత్రములను సహాయకునితో కూర్చుండి దిద్దవలెను. సోపానమునకింతయని మార్కులు నిర్ణయింపవలెను. ఒక్కరాత్రిలో తరగతినంతయు దిద్దుమని యతనిని నిర్బంధింపరాదు.

మావాడు తన ఆచార్యుని అనుమతితో ఆ సున్నను పదింట ఏడుగా మార్చెను. మేము గీచిన గీతను దిద్దుటకు ఆ కాగితము లేదు. బడులు తెరచిన పిదప మొదటి పత్రమునుండియు, తప్పు పుట్టిన చోటనే గుర్తు పెట్టుదమని మాత్రము నిశ్చయించుకొంటిమి.