అడగనిదే అమ్మైనా పెట్టదా?

“అడగనిదే అమ్మైనా పెట్టదు” అని పెద్దలంటారు. ఆరో తరగతిలో నన్ను ఈ హాస్టల్లో దించి వెళ్తూ మా అమ్మ కూడా అదే చెప్పింది. “సిగ్గుపడకు బిడ్డా, కావాల్సింది అడిగి పెట్టించుకో” అన్నది. నాకేమో అడగడానికి నోరు వచ్చేది కాదు. ఇప్పుడు నేను జువాలజీలో పీజీ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటిదాన్ని నేనే. ఇన్నేళ్ల తర్వాత ఆ సామెత గురించి మళ్లీ ఆలోచించేలా చేసింది ఒక పిట్టల జంట.

నేను ట్యూషన్ చెప్పే ఇంట్లో లవ్ బర్డ్స్ ఉన్నాయి. మనమంతా అలాగే పిలుస్తాం గానీ వాటి అసలు పేరు బడ్జెరిగార్. పుట్టిల్లు ఆస్ట్రేలియా. పోయిన చలికాలంలో ఆ ఇంటివాళ్లు పెళ్లికని ఎనిమిది రోజులు ఊరికెళ్తూ, “నువ్వు జువాలజీ చదువుతున్నావు కదమ్మా, కాస్త చూసుకో” అని తాళంచెవి నా చేతిలో పెట్టారు. పంజరంలో వేలాడదీసిన మట్టికుండలో అప్పటికే ఐదు పిల్లలున్నాయి.

ఈ పక్షి రోజు విడిచి రోజు గుడ్డు పెడుతుంది. సుమారు పద్దెనిమిది రోజులు పొదుగుతుంది. పిల్లలు కూడా అదే వరసలో బయటికొస్తాయి. అందుకే ఒకే కుండలో ఉన్నా పెద్దదానికీ చిన్నదానికీ వారం రోజులకు పైగా తేడా ఉంటుంది. మొదటి రోజుల్లో తండ్రి తెచ్చి తల్లి నోట్లో పెడుతుంది, తల్లి దాన్ని మెత్తగా చేసి పిల్లలకు పెడుతుంది. పిల్లల కడుపు నిండిందో లేదో మెడ కింద చూస్తే తెలుస్తుంది. కోడిని కోసినప్పుడు మెడ దగ్గర గింజలుండే సంచి చూశారు కదా, వీటికీ అలాంటి తిత్తే ఉంటుంది. ఈకలు రాని పిల్లల్లో పలచని చర్మం లోంచి లోపలి తిండి కనిపిస్తుంది. ఇదంతా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

మొదటి రోజు వెళ్లి చూశాను, గింజల గిన్నె నిండుగా ఉంది. రెండో రోజూ నిండుగానే ఉంది. మిగిలాయి కదా అని కొత్తవి వేయలేదు. మూడో రోజు పొద్దున కుండలో సందడి తగ్గింది. ఫోన్ టార్చి వేసి చూస్తే నాలుగు పిల్లలు మెడలు సాచి అరుస్తున్నాయి. అన్నిటికన్నా చిన్నది ఒక పక్కన పడి ఉంది. అరవడం లేదు. మెడ కింద తిత్తి ఖాళీగా, ముడుచుకుని ఉంది.

గిన్నె తీసి ఊదాను. పైనున్నదంతా పొట్టు, ఎగిరిపోయింది. అడుగున చెంచాడు గింజలైనా లేవు. ఈ పిట్టలు గింజను ఒలిచి లోపలిది తిని పొట్టు అక్కడే వదిలేస్తాయి. పీజీ చదివే నాకు ఆ సంగతి తట్టలేదు. నా చేతులు వణికాయి.

చిన్నదానికి డ్రాపర్‌తో ఏదైనా పోద్దామనిపించి మా ల్యాబ్ సార్‌కు ఫోన్ చేశాను. “అలవాటు లేని చేత్తో పోస్తే శ్వాసనాళంలోకి పోతుంది. ముందు తల్లిదండ్రులకు కడుపు నిండా పెట్టు. మధ్యాహ్నానికి తిత్తి నిండకపోతే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు” అన్నారు. గిన్నె కడిగి కొర్రలు, సజ్జలు పోశాను. గుడ్డు ఉడకబెట్టి చిదిమి పెట్టాను. కొత్తిమీర కట్టాను, నీళ్లు మార్చాను. తండ్రి పిట్ట ఆబగా తిని కుండ దగ్గరికి వెళ్లింది. రెండు గంటలు అక్కడే కూర్చున్నాను. మళ్లీ చూసేసరికి చిన్నదాని మెడ కింద బఠాణీ గింజంత తెల్లటి ఉబ్బు. ఏడుపొచ్చింది.

ఆ తర్వాత రోజూ పొద్దున, సాయంత్రం పొట్టు ఊది గింజలు పోశాను. ఐదు పిల్లల మెడలూ ఒక్కొక్కటిగా చూశాను. రాత్రి నానబెట్టిన కొర్రలు బాగా కడిగి పెట్టాను. మిగిలిన గుడ్డు పాడవకముందే తీసేశాను. ఊరినుంచి వచ్చాక ఆ ఇంటి మేడమ్‌కు జరిగింది దాచకుండా చెప్పాను. “మొదట్లో నేనూ ఆ పొట్టు చూసి మోసపోయానమ్మా” అన్నారామె.

తర్వాత లైబ్రరీలో ఒక విషయం చదివాను. జూడీ స్టాంప్స్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1980లలో ఈ పక్షులను పరిశీలించారు. తండ్రి పక్షి ఎక్కువగా అడిగే పిల్లకు ఎక్కువ పెడుతుందట. తల్లి పక్షి మాత్రం అరుపులతో పని లేకుండా చిన్నపిల్లను చూసి పెడుతుందట. అది చదవగానే నాకు మన వంట పెద్దమ్మ గుర్తొచ్చింది.

2015 జనవరిలో మన హాస్టల్‌కు సన్నబియ్యం వచ్చినప్పుడు నేను ఏడో తరగతి. అందరూ పళ్లాలు పట్టుకుని రెండోసారి వడ్డన కోసం ఎగబడ్డారు. నేను వరస చివర నిలబడి, నా వంతు రాకముందే “చాలు” అనుకుని వెనక్కి తిరిగాను. పెద్దమ్మ పిలిచింది. నా పళ్లెం చూసింది, నా ముఖం చూసింది, ఏమీ అడగకుండా గరిటెడు అన్నం వేసింది. అమ్మ ఫోన్ చేసి “తిన్నవా బిడ్డా” అంటే ప్రతిసారీ “తిన్న” అనేదాన్ని. నా మాట కూడా ఆ పొట్టు గిన్నె లాంటిదే. ఊది చూసింది పెద్దమ్మ ఒక్కతే.

చెల్లెళ్లారా, మా అమ్మ చెప్పింది తప్పని నేననను. అడగడం నేర్చుకోండి, అది మన హక్కు. కానీ మీలో పెద్ద తరగతుల వాళ్లు, మెస్ కమిటీలో ఉన్నవాళ్లు భోజనాల వేళ ఒక్కసారి వరస చివరికి చూడండి. కొత్తగా చేరిన ఆరో తరగతి పాప “చాలక్కా” అంటే వెంటనే నమ్మకండి. ముందు పళ్లెం చూడండి.

ఆ చిన్న పిట్ట ఐదో వారంలో కుండలోంచి బయటికి వచ్చింది. రెక్కలు పచ్చగా ఉన్నాయి. ఇప్పుడు ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ అరిచేది అదే.