కదపమాక, తేరుకోనీ!

మా చిన్నప్పుడు మాచర్ల దగ్గరి మా ఊళ్లో తాగడానికి కుంట నీళ్లే దిక్కు. వానాకాలంలో అవి టీ రంగులో ఉండేవి. అమ్మ బిందె తెచ్చి వంటింటి మూల పెట్టి, తెల్లారేదాకా ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. నేను దాహమంటూ చెంబు పట్టుకుని వెళితే 'కదపమాకరా, తేరుకోనీ' అని కసిరేది. పొద్దున్నకి పైన నీళ్లు తేటగా, అడుగున మెత్తటి బురద. వేళ్ల మధ్య వెన్నలా జారిపోయేది. ఆ బిందె కింద ఉన్న నాపబండ కూడా ఒకప్పుడు అలాంటి బురదేనని తెలియడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది.

నాన్న పోయిన ఏడాదికి పాత ఇల్లు తీసేసి కొత్తది కట్టాలనుకున్నాం. 'అన్నయ్యా, ఈ బండలు పీకించి టైల్స్ వేయిద్దాం' అన్నాడు తమ్ముడు. సరేనన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ బండలంటే నాకు మొదట్నుంచీ నామోషీ. గుంటూరులో చదివేటప్పుడు 'మీ పల్నాట్లో రాళ్లు తప్ప ఏమున్నాయిరా' అని స్నేహితులు ఏడిపించేవాళ్లు. శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటువులోనూ పల్నాటి కష్టాల జాబితాలో నాపరాళ్లున్నాయి. అంతటి కవే ఈసడించాక నేనెంత!

అమ్మ మాత్రం ఏమీ అనలేదు. సాయంత్రం వంటింట్లో ఒక్కతే కూర్చుని బండ మీద చెయ్యి రాస్తూ, 'మీ నాన్న ఒక్కోదాన్నీ తట్టి చూసి, ఖంగుమన్నవే ఏరుకొచ్చాడు' అంది. అంతే.

సెలవులకొచ్చిన తమ్ముడి కూతురు భూగర్భశాస్త్రం చదువుతోంది. పొయ్యి పక్క బండ మీద తెల్లటి మచ్చ చూసి 'ఇదేంటి నానమ్మా?' అంది.

'నిమ్మకాయ పచ్చడి జాడీ పగిలిందే అక్కడ. ఎంత తోమినా పోలేదు.'

'పోదు. ఇది సున్నపురాయి. పులుపు తగిలితే కరుగుతుంది' అని నవ్వి, నా వైపు తిరిగింది. 'పెదనాన్నా, మనం సముద్రం అడుగున కూర్చున్నాం, తెలుసా?'

అప్పుడు చెప్పింది. ఈ రాయి కనీసం యాభై కోట్ల ఏళ్ల నాటిది. చేపలు కాదు గదా, గడ్డిపరక కూడా పుట్టని కాలం. ఇక్కడ సముద్రం ఉండేది. నది తెచ్చిన ఇసుక బరువుకి ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది. సన్నటి నలుసులు మాత్రం దూరం వెళ్లి, అలజడి లేని చోట మెల్లగా దిగుతాయి. అలా దిగిన మట్టి బురద గట్టిపడితే పలకలుగా విడిపోయే షేల్ రాయి అవుతుంది. సున్నపు బురద గట్టిపడితే మన నాపరాయి. సున్నపు పొరల మధ్య పల్చటి మట్టి పొరలుంటాయి గనకే, క్వారీలో గునపం పెట్టి లేపితే రాయి బల్లలా విడివడి వస్తుంది.

సున్నమూ మట్టీ కలిపి కాలిస్తే సిమెంటు. మాచర్ల, దాచేపల్లి వైపు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు అన్నీ ఈ సముద్రం చలవే!

తర్వాతి ఆదివారం అందరం విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ వెళ్లాం. మ్యూజియంలో శిల్పాలు ఇంతకుముందు చూసినవే. ఈసారి రాయిని చూశాను. లేతాకుపచ్చ ఛాయలో, మా వంటింటి బండకి చుట్టంలా ఉంది. పూర్వం పండితులు దీన్ని పల్నాడు పాలరాయి అన్నారు. నిజానికి సున్నపురాయే. గరుకు రేణువులు లేవు గనక ఉలి ఎటు తిప్పితే అటు వెళ్లింది. ఇక్ష్వాకుల కాలపు శిల్పి హారంలో పూసలు కూడా విడివిడిగా చెక్కగలిగాడు. అమరావతి శిల్పాలదీ ఈ రాయే. వాటిలో కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నేను నామోషీ పడ్డ రాయి!

సాగర్ కడుతుంటే ఈ లోయ మునుగుతుందని 1954 నుంచి 1960 వరకు తవ్వి, దొరికినవి కొండ మీదికి చేర్చారు. 1966లో మ్యూజియం పెట్టారు. వచ్చేటప్పుడు లాంచీలోంచి నీళ్లలోకి చూస్తే అనిపించింది. అడుగున కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు మళ్లీ దిగుతోంది.

ఇల్లు విప్పేరోజు వచ్చింది. 'పగలగొట్టమాక నాయనా' అని అమ్మ మేస్త్రిని బతిమాలింది. అయినా ఒక బండ జారిపడి, పొర వెంట రెండు రేకులుగా విడింది. లోపలి ముఖం ముదురు రంగులో, నున్నగా ఉంది. ఆ బురద దిగినప్పటి నుంచి దాని మీద వెలుతురు పడటం అదే మొదటిసారి. తమ్ముడు వంగి చాలాసేపు చూశాడు. 'వంటింటికి ఇవే వేయిద్దాంలే అన్నయ్యా' అన్నాడు.

ముందు గదుల్లో టైల్స్ మెరుస్తున్నాయి. వంటింట్లో పాత బండలు. మచ్చ ఉన్నది మళ్లీ పొయ్యి పక్కనే. బిందె ఉండే మూల ఇప్పుడు మినరల్ వాటర్ క్యాను ఉంటోంది. అందులో తేరుకోవడానికేమీ లేదు. అయినా మనవలు దాన్ని అటూ ఇటూ కుదిపితే అమ్మ ఊరుకోదు.

'కదపమాకండ్రా!'